అమ్మ దిద్దిన జీవిత చరిత్ర

మా అమ్మ పోయినప్పుడు జ్ఞాపకార్థ కూడికలో ఆమె జీవిత చరిత్ర చదవలేదు. వచ్చిన చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు కూడా. కన్నకూతురు ఉద్యోగం చేస్తూ ఉండి, తల్లి గురించి నాలుగు ముక్కలు రాయలేకపోయిందా అని భోజనాల దగ్గర అనుకున్నారట. రాయలేకపోవడమా! ఏడుసార్లు రాశాను. ఏడుసార్లూ ఎర్ర పెన్నుతో దిద్దించుకున్నాను. చివరికి అది చదవడం కూడా అయిపోయింది, ఆమె పోవడానికి ఏడాదిన్నర ముందే. ఆమె ముందు వరుసలో కూర్చుని విన్నది. మైకు సరిగ్గా పట్టుకోమని మధ్యలో కేక కూడా వేసింది.

మా పద్ధతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. మా చర్చివాళ్ళలో మనిషి పోయాక ఒక రోజు చూసుకుని, అందరినీ పిలిచి కూడిక పెడతారు. పాటలు, ప్రార్థన, అయ్యగారి ప్రసంగం అవుతాయి. పాస్టరుగారిని మేం అయ్యగారంటాం. ఆ తర్వాత ఒకరు లేచి, పోయినవాళ్ళ జీవిత చరిత్ర చదువుతారు. ఎక్కడ పుట్టారు, ఏం చదివారు, ఎవరిని చేసుకున్నారు, ఎంతమంది సంతానం, ఎలాంటి మనిషి అన్నీ అందులో ఉంటాయి. అది కాగానే భోజనాలు. ఇంటికెళ్ళేటప్పుడు జనం రెండింటి గురించే మాట్లాడుకుంటారు, చరిత్ర గురించీ, కూర గురించీ. చాలాసార్లు కూరే నయమనిపిస్తుంది.

ఎందుకంటే మా సంఘంలో ఈ చరిత్రలన్నీ రాసిపెట్టే మనిషి ఒక్కడే, మా ఉపదేశిగారు. అయ్యగారు లేనప్పుడు ఆరాధన నడిపించే పెద్దాయన. మంచివాడే, పాపం. కానీ ఆయన దగ్గర కాగితం ఒకటే ఉండేది. పేర్లు, తారీకులు మార్చి అందరికీ అదే చదివేవాడు. ఎవరు పోయినా దైవభక్తులే, మితభాషులే, అతిథులకి అన్నం పెట్టినవాళ్ళే. ఒకసారి పెళ్ళే చేసుకోని ముసలాయన పోతే, "నలుగురు సంతానాన్ని క్రమశిక్షణలో పెంచి" అని చదివేశాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎక్కడున్నారో, పాపం" అని వెనక వరుసలో ఎవరో అన్నారు.

మా నాన్నగారు పోయినప్పుడు కూడా అదే కాగితం వచ్చింది. మా నాన్నగారు సహకార బ్యాంకులో గుమాస్తా. ఆయన మాట మొదలుపెడితే బస్సులో పక్క సీటువాడు తన ఊరొచ్చినా దిగలేకపోయేవాడు. అలాంటి మనిషిని "మితభాషి" అన్నాడు ఉపదేశి. ప్రసంగం మొదలైన రెండో నిమిషానికే గురక పెట్టే మనిషిని "వాక్యం వినడంలో మిక్కిలి ఆసక్తి గలవారు" అన్నాడు. అమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"ఏమే, ఈయనెవరు? మీ నాన్నగారి చరిత్ర ఎప్పుడు చదువుతారు?"

"ఇదేనమ్మా."

ఇంటికొచ్చాక అమ్మ బాగా ఏడ్చింది. "ముప్పై ఏడేళ్ళు ఆ వాగుడంతా నేను భరించాను. ఒక్క ముక్కైనా చెప్పాడా చూడు" అంది. ఆ రోజే తీర్మానించుకుంది, తన విషయంలో ఇలా జరగడానికి వీల్లేదని.

అమ్మ ప్రైమరీ స్కూలు టీచరు. రిటైరయి రాజమండ్రిలో నా దగ్గరికి వచ్చేశాక కూడా ఆమె చేతిలోంచి ఎర్ర పెన్ను దిగలేదు. పెళ్ళి శుభలేఖ ఇస్తే తప్పులు దిద్ది వాళ్ళకే తిరిగిచ్చేది. "మళ్ళీ అచ్చు వేయించుకోండి, ఇంకా టైముందిగా" అనేది. అలాంటి మనిషి తన చరిత్రని వేరేవాళ్ళ చేతిలో పెట్టి కళ్ళు మూస్తుందా? డెబ్బై అయిదో పుట్టినరోజుకి కృతజ్ఞతా కూడిక పెట్టమని, జీవిత చరిత్ర అప్పుడే చదివించాలని పట్టుబట్టింది.

అయ్యగారు ఇంటికొచ్చి, నెమ్మదిగా నచ్చజెప్పబోయారు. "బతికుండగా అలా చదివే ఆనవాయితీ లేదండీ."

"పోయాక చదివితే తప్పులెవరు దిద్దుతారండి? మీరు దిద్దుతారా?" అంది అమ్మ.

అయ్యగారు చిన్నప్పుడు అమ్మ దగ్గర మూడో తరగతి చదివారు. ఎక్కం మరిచిపోయినవాడిలా నేల చూపులు చూశారు. "సరేనండి, టీచరుగారు" అని టీ తాగి వెళ్ళిపోయారు. రాసే పని నా నెత్తిన పడింది. కూడికకి మూడు నెలల టైముంది.

నేను ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ముప్పై ఏళ్ళుగా నేను రాసేవన్నీ కాలవల గురించీ, తూముల గురించీ. ఆ అలవాటు చేతినుంచి పోతుందా? మొదటి ప్రతిలో పైన "విషయం" అని పెట్టి, జననం, విద్య, వివాహం, ఉద్యోగం, పదవీ విరమణ అని నంబర్లు వేసి, టైపు చేసి తెచ్చాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చివరిదాకా చదివింది.

"నేనేమన్నా గండి పడ్డ కాలవనా? పనులు పూర్తయినవి అని సంతకం కూడా పెట్టకపోయావా?" అంది.

పదికి నాలుగు మార్కులు వేసింది. అందులో రెండు దస్తూరికి అంది. టైపు చేసిన కాగితానికి దస్తూరేంటమ్మా అంటే, "అందుకే రెండే వేశాను" అంది.

రెండో ప్రతికి నాకు పౌరుషం వచ్చింది. తెలుగులో ఉన్న మంచి మాటలన్నీ పోగేశాను. ప్రేమమూర్తి, సహనశీలి, వంటలో దిట్ట అని రాశాను. అమ్మ సహనశీలి చుట్టూ ఒక సున్నా చుట్టింది. వంటలో దిట్ట చుట్టూ రెండు చుట్టింది.

"నా ఉప్మా తిన్నవాళ్ళు చాలామంది బతికే ఉన్నారే. వాళ్ళంతా కూడికకి వస్తారు. వాళ్ళ ఎదురుగా ఇది చదువుతావా?"

నిజమే. కాంపోజిషన్ పుస్తకాలు పక్కన పెట్టుకుని దిద్దుతూ వంట చేసే మనిషి ఆవిడ. మా ఇంట్లో ఉప్మా కొన్నిసార్లు పోసుకుని తాగేలా ఉండేది, కొన్నిసార్లు కత్తి అడిగేది. ఒకసారి పప్పులో ఎర్ర పెన్ను మూత దొరికింది. నాన్నగారు దాన్ని తీసి కడిగి, "ఇది మీదేనాండీ టీచరుగారూ" అని పళ్ళెం పక్కన పెట్టారు. ఆ ప్రతికి మూడు మార్కులే వచ్చాయి. "మొదటిదాంట్లో నంబర్లు తప్ప ఏం లేకపోయినా, అవైనా నిజం. నిజం రాయి. నాకు నిజం కావాలి" అంది.

ఈలోగా మా అమ్మాయి కాకినాడ నుంచి వచ్చింది. అక్కడ ఇంజనీరింగు చదువుతోంది, శనివారం బస్సెక్కి వచ్చేస్తుంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అమ్మా, మా అమ్మాయి అమ్మమ్మా ఒక మనిషి కారు. నేను ఒక మాట తప్పు రాస్తే వందసార్లు రాయించిన మనిషి, మనవరాలికి బడిలో ఇంపొజిషన్ ఇస్తే తనే కూర్చుని రాసిపెట్టింది, దస్తూరి దొరికిపోకుండా ఎడమచేత్తో! మనవరాలు చిన్నప్పుడు ఆవుకి అయిదు కాళ్ళు వేస్తే, "అయిదోది తోక, నీకు చూడ్డం రాదు" అని నన్ను కేకలేసింది. నేను అన్నం తింటూ పుస్తకం ముట్టుకుంటే వీపు మోగేది. మనవరాలు ఒక చేత్తో ఫోను నొక్కుకుంటూ తింటే, రెండో చేతికి ముద్దలు అందించేది.

ఆ మనవరాలు నా రెండు ప్రతులూ చూసి జాలిపడింది. "ఇంత కష్టం ఎందుకు మమ్మీ" అని, ఫోనుకి అమ్మమ్మ గురించి నాలుగు ముక్కలు చెప్పింది. నిమిషంలో ఆ ఫోనే రాసి ఇచ్చేసింది. ఆమె చిరునవ్వు వెన్నెల అట. ఆమె ఒడి చల్లని పందిరి అట. అమ్మ ఆ ఫోను దూరంగా పట్టుకుని చదువుకుని, "పదికి పది" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అమ్మా, అందులో ఒక్క నిజమన్నా ఉందా?"

"లేదు. ఇది మన ఉపదేశిగారి కాగితమే. ఇస్త్రీ చేసి పంపారు."

"మరి పదికి పది ఎందుకేశావు?"

"పిల్ల బస్సులో నుంచుని వచ్చిందే, నాలుగు మార్కులు వేసి పంపమంటావా?" అంది, అదేదో పెద్ద న్యాయమైనట్టు.

నాకు అప్పుడు అర్థమైంది, ఇక నిజం రాయడం తప్ప దారి లేదని. మూడో ప్రతి బడి దగ్గర మొదలుపెట్టాను.

అమ్మ పనిచేసిన బడిలోనే నేనూ చదివాను. మా ఇంటికీ బడికీ మధ్య కాలవగట్టు మీద మైలున్నర నడక. పొద్దున్నే ఇద్దరం కలిసి నడిచేవాళ్ళం. బడి గేటు దాకా ఆవిడ నాకు అమ్మ. గేటు దాటగానే టీచరుగారు. అమ్మా అని పిలిస్తే పలికేది కాదు. మిగతా పిల్లలతో సమానంగా ఉండాలని ఆవిడ పెట్టిన రూలు. నాలుగో తరగతిలో ఉండగా ఆటల పీరియడులో పడి, మోకాలు చెక్కుకుపోయింది. నెత్తురు కారుతోంది. నొప్పికి ప్రాణం పోతున్నా రూలు గుర్తుంది. "టీచరుగారండీ!" అని ఏడ్చాను. ఆవిడ వచ్చి మోకాలు కడిగి, తన జేబురుమాలు గట్టిగా కట్టి, లేవదీసింది. అంతా చేసి, "ఇంటికెళ్ళాక మీ అమ్మకి చెప్పు. పసుపు పెడుతుంది" అంది.

సాయంత్రం గేటు బయటికి వచ్చి పది అడుగులు వేశాక, "ఏదమ్మా, చూడనీ" అని గట్టు మీదే కూలబడి, నా మోకాలు ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది.

ఇదంతా రాశాను. ఎడమచేతి ఇంపొజిషనూ రాశాను. పప్పులో పెన్ను మూతా రాశాను. అవి రాశాక, ఇంకొకటి కూడా రాశాను. అది రాయాలని ముందు అనుకోలేదు. చెయ్యి దానంతటదే రాసేసింది.

అయిదో తరగతిలో ఉండగా బడిలో పద్యాల పోటీ పెట్టారు. ఇరవై పద్యాలు చూడకుండా చెప్పాలి. తెలుగు చెప్పేది అమ్మే కాబట్టి, జడ్జీ అమ్మే. మొదటి బహుమతి రెండు గిన్నెల స్టీలు క్యారియరు. రెండో బహుమతి సబ్బుపెట్టె. నెల రోజులు గట్టు మీద నడుస్తూ పద్యాలు వల్లించాను. అమ్మ పక్కనే నడుస్తూ వినేది, తప్పు పోయినా దిద్దేది కాదు. దిద్దితే కూతురికి సాయం చేసినట్టవుతుందట. పోటీ రోజున ఇరవయ్యీ చెప్పాను. ఎక్కడా తొణకలేదు. నా స్నేహితురాలు ఇంకో పిల్ల కూడా ఇరవై చెప్పింది, కాకపోతే అది తడబడింది. క్యారియరు దానికి వెళ్ళింది. నాకు సబ్బుపెట్టె.

పక్క తరగతి టీచరు, "పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు, అందుకేనాండీ?" అని నవ్వింది. అమ్మ వినపడనట్టు ఊరుకుంది. గేటు దాటగానే అడిగాను, ఎందుకివ్వలేదమ్మా అని. "బళ్ళో సంగతి బళ్ళో అడగాలి" అంది. మర్నాడు బళ్ళో, చేతులు కట్టుకుని అడిగాను. "గబగబా చెప్పావు. అర్థం తెలిసినవాళ్ళు అలా చెప్పరు. కూర్చో" అంది.

కూర్చున్నాను. అప్పట్నించీ నలభై ఏళ్ళుగా గబగబా మాట్లాడలేదు. ఆఫీసులో నేను ఫోనెత్తి హలో అని విషయంలోకి వచ్చేలోపు కాంట్రాక్టర్లు టీ తాగి వస్తారని మా వాళ్ళు నవ్వుతారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను పదేళ్ళప్పుడు అడిగాను, పెళ్ళయ్యాక అడిగాను, నాకు కూతురు పుట్టాక అడిగాను. ప్రతిసారీ అదే జవాబు. గబగబా చెప్పావు. స్టీలు క్యారియర్లు ఇప్పుడు మా వంటింట్లో నాలుగున్నాయి. నాకు కావలసింది ఒక్క మాట. ఆ బహుమతి నీదే అని ఆవిడ నోటితో ఒక్కసారి అనాలి. ఆవిడకి డెబ్బై అయిదు రాబోతున్నాయి. ఆ మాట అనకుండానే వెళ్ళిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. అది మాత్రం దాచుకోను.

మూడో ప్రతి చదువుతూ అమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఇంపొజిషన్ పక్కన "నిజమే" అని రాసింది. పద్యాల పోటీ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. డ్రాయరు తెరిచి స్కేలు తీసి, ఆ పేరా మీద నిలువునా ఒక గీత గీసింది. స్కేలు లోపల పెట్టేసింది. మార్కులు ఏడు.

నాలుగో ప్రతిలో ఆ పేరా మళ్ళీ పెట్టాను. మళ్ళీ స్కేలు వచ్చింది. అయిదో ప్రతిలో దాన్ని ఇంకొంచెం చిన్నది చేసి, రిటైర్మెంటు సన్మానం పక్కన ఇరికించాను. అక్కడా దొరికింది. "లంగా మడతలో చీటీ దాచుకున్నవాళ్ళని ఎంతమందిని పట్టుకుని ఉంటాను నేను" అంది. ఆరో ప్రతితో ఇద్దరికీ మాటలు లేవు. రెండు గదుల ఇల్లు మాది. ఆవిడకి కాఫీ కావాలంటే కాకినాడలో ఉన్న మనవరాలికి ఫోను చేసి, "మీ మమ్మీ వంటింట్లో ఉందేమో కనుక్కో" అనేది. అది క్లాసులోంచి నాకు మెసేజి పెట్టేది. ఇలా మూడు రోజులు గడిచాక ఆ పిల్లే విసుగెత్తి, "మీ ఇద్దరికీ మధ్య నేనేం టవర్నా" అని పెట్టేసింది.

చివరికి నేనే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"నిజం రాయమన్నావు కదా?"

"రాయమన్నాను. నా నిజం రాయమన్నాను."

"ఇది నీ నిజం కాదా?"

"బహుమతి పోయింది నీకు. నీ చరిత్రలో రాసుకో."

ఈ మాటకి నేను నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పోనీ ఎందుకివ్వలేదో ఇప్పుడన్నా చెప్పు. నాకు యాభై దాటాయి, తట్టుకుంటాను."

అమ్మ కిటికీ వైపు చూసింది. "గబగబా చెప్పావు" అంది. కానీ ఈసారి ఆ మాట ఆవిడ మెల్లగా అంది.

ఏడో ప్రతిలో ఆ పేరా లేకుండా ఇచ్చేశాను. ఓడిపోయానని చెప్పలేదు, అలిసిపోయానన్నాను. ఎనిమిది మార్కులు వేసింది. "టైపు కాగితం పట్టుకుని చదివితే రేషను లిస్టు చదివినట్టుంటుంది. ఫెయిరు కాపీ నేను రాస్తాను" అంది. పది రోజులు రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే కిటికీ దగ్గర కూర్చుని, గీతల కాగితాల మీద మార్జిను కొట్టి రాసింది. వణికే చేతికి విశ్రాంతి ఇచ్చుకుంటూ రాసింది. నేను అటు వెళితే అరచెయ్యి అడ్డం పెట్టేది, పరీక్షలో తెలివైన పిల్ల పెట్టినట్టు.

"చదవాల్సింది నేనే కదమ్మా, ఒకసారి చూసుకోనీ."

"ముందే చూసుకున్నావంటే గబగబా చదివేస్తావు. అప్పుడే చూసి చదువు."

సరేనన్నాను. కానీ నాదీ ఆవిడ రక్తమే. తీసేసిన పేరాని చిన్న చీటీ మీద రాసుకుని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. కూడికలో సమయం చూసి చదివెయ్యాలనుకున్నాను. అందరి ముందూ నన్ను ఏం చేస్తుంది, గోడకుర్చీ వేయిస్తుందా? పుట్టినరోజున కన్నతల్లి మీద అలాంటి పన్నాగం పన్నినందుకు ఇప్పుడు సిగ్గుపడతాను. ఆ రోజు మాత్రం పడలేదు.

కూడిక రోజున హాలు నిండిపోయింది. పాత ఊరినుంచి ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు వ్యాను కట్టించుకుని వచ్చారు. వాళ్ళల్లో చాలామందికి మనవలున్నారు. అమ్మ తెల్ల జరీ చీర కట్టుకుని లోపలికి రాగానే అరవై ఏళ్ళ పెద్దమనుషులు దిగ్గున లేచి నిలబడ్డారు. ఆవిడ కూర్చోమని చెయ్యి చూపేదాకా కూర్చోలేదు. ఒకాయన రొయ్యల చెరువులున్న ఆసామి. మోగుతున్న సెల్‌ఫోను కట్టెయ్యడం చేతకాక, పిరుదుల కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు.

పాటలయ్యాయి, ప్రార్థనయింది. అయ్యగారు నా వైపు చెయ్యి చూపారు. నేను మైకు ముందుకి వెళ్ళి అమ్మ రాసిన కాగితాలు తెరిచాను. దస్తూరి నలభై ఏళ్ళ కిందట నల్లబల్ల మీద ఉన్నట్టే ఉంది, కొంచెం వంకరలు పోయింది అంతే. పుట్టుక, చదువు, పెళ్ళి అయ్యాయి. నాన్నగారి గురించి, "ఆయన ముప్పై ఏడేళ్ళు ఆపకుండా మాట్లాడిరి. ఇప్పుడు ఇల్లు చాలా నిశ్శబ్దముగా ఉన్నది" అని రాసింది. జనం నవ్వారు, నవ్వుతూనే కొందరు కళ్ళు తుడుచుకున్నారు. "మైకు దగ్గరగా పట్టుకో, వెనకవాళ్ళకి వినపడట్లేదు" అని అమ్మ కేక వేసింది. ఉప్మా వచ్చింది, పెన్ను మూత వచ్చింది. వ్యానులో వచ్చినవాళ్ళు ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. మోకాలూ, పసుపూ వచ్చాయి. ఇక ఇక్కడే నా చీటీ అనుకుని, ఎడమచేత్తో హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగాను. కళ్ళు మాత్రం కాగితం మీదే ఉన్నాయి, నోరు చదువుకుంటూ పోతోంది.

"ఈమె ముప్పై మూడు సంవత్సరములు ఉపాధ్యాయినిగా పనిచేసి, ఎన్నో వేల కాగితములు దిద్దెను. అందులో ఒక్కసారి తెలిసి తప్పు మార్కులు వేసెను. ఒకప్పుడు బడిలో పద్యముల పోటీ జరిగెను. ఇద్దరు పిల్లలు ఇరవై పద్యములు చెప్పిరి. ఒక పిల్ల రెండుచోట్ల ఆగెను. ఒక పిల్ల ఎక్కడా ఆగలేదు. ఆగని పిల్ల ఈమె కూతురు."

నోరు ఆగిపోయింది. మైకులో గరగర తప్ప ఇంకేం వినపడలేదు. నేను మళ్ళీ మొదలుపెట్టాను.

"కూతురికి ఇచ్చినచో ఊరివారు ఏమందురో అని ఈమె భయపడెను. అందుచేత ఆగిన పిల్లకు మొదటి బహుమతి ఇచ్చెను. గబగబా చెప్పితివని కూతురికి అబద్ధము చెప్పెను. ఆ అబద్ధమును నలభై ఏళ్ళు చెప్పెను. ఆ పిల్ల గబగబా చెప్పలేదు. చాలా బాగా చెప్పినది."

అక్కడ నావల్ల కాలేదు. అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడిపోయాయి. మొదటి వరుసలోంచి, మైకు అవసరం లేని గొంతు ఒకటి వచ్చింది.

"ఆగావేంటి? చదువు. ఇంకొక్క వాక్యం ఉంది."

చదివాను.

"ఇప్పుడు మీ ముందు నిలబడి ఈ కాగితము చదువుచున్నది ఆ పిల్లే."

తర్వాత ఎవరు చప్పట్లు కొట్టారో, అయ్యగారు ఏం చెప్పారో నాకు తెలియదు. ఎలాగో దిగి వచ్చి అమ్మ పక్క కుర్చీలో కూలబడ్డాను. ఏడుపు ఆపుకుందామన్న ఆలోచన కూడా రాలేదు. అమ్మ ఏడవలేదు. నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుని, కాసేపు అలా ఉండనిచ్చి, నా చెవి దగ్గరికి వంగింది.

"రెండుచోట్ల ఆగావే" అంది. "అయినా నీదే ఫస్టు."